చుట్టం బండి దిగే చోటు

1

గాలి పలచన. దుమ్ము లేదు. చెవి బాగానే పనిచేస్తోంది.

ఈ రోజు మమ్మల్ని మళ్ళీ చంపారు.

ఏటా ఒకసారి జరిగేదే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మస్తాన్‌బీ పిన్ని జొన్నమడికి నీళ్ళు పెట్టి, తడిచేతులు తుడుచుకుంటూ చెవి గదికి వచ్చింది. దానియేలు బావ బండి చక్రం విప్పి, విప్పిన దాన్ని అలాగే వదిలేసి వచ్చాడు. భ్రమరమ్మ పెద్దమ్మ మాత్రం అందరికంటే ముందే వచ్చి రేడియో పెట్టె పక్కన తన చోట్లో కూర్చుంది. మా పలకపేటకు పెద్ద దిక్కు ఆవిడే.

భూమి మీది తెలుగు రేడియోలో సంతాప కార్యక్రమం. అంగారకుడి మీద పెద్ద తుఫాను వచ్చిన ఏడాది చనిపోయిన పలకపేట వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. చదివేది మార్కాపురం హైమవతమ్మ. పెద్దమ్మకు సొంత అక్క.

మేం చనిపోలేదు. ఆ తుఫానులో మాట పంపే యంత్రం కాలిపోయింది, అంతే. వినే యంత్రం మిగిలింది. దాన్నే చెవి అంటాం. దాని దగ్గర కూర్చుని విన్నది ఈ చిట్టాలో రాయడం నా పని. నోరు పోయి చెవి మిగిలిన ఊరు మాది. కాలిపోయిన ముక్క ఇక్కడ తయారు కాదు. పైనుంచి ఫోటోలు తీసే ఉపగ్రహం కూడా ఆ ఏడాదే ఆగిపోయింది. మేముండేది గుట్ట లోపల. ఆ తర్వాత భూమికి దాని గొడవలు దానికొచ్చాయి. ఇటు తొంగిచూసిన వాళ్ళు లేరు.

"వకుళ, మూడు నెలలు," అంది హైమవతమ్మ.

అది నేనే. గదిలో అందరూ నా వైపు తిరిగారు.

"పాపం, ఇంకా పళ్ళు గూడా రాలా పిల్లకి," అన్నాడు దానియేలు బావ. నలభై దగ్గరపడుతున్నాయి నాకు. అయినా ఏటా ఈ మాట పడాల్సిందే.

ఆ వరుసలో నిజంగానే పోయినవాళ్ళ పేర్లు వచ్చినప్పుడు నవ్వులు ఆగుతాయి. మా అమ్మానాన్నల పేర్లు పక్కపక్కనే వస్తాయి. వాళ్ళు పోయింది తుఫానులో కాదు, చాలా ఏళ్ళ తర్వాత. అది హైమవతమ్మకు తెలియదు.

చివరి పేరు ఎప్పుడూ ఒకటే. "నా చెల్లెలు భ్రమరాంబ, ముప్పై నాలుగేళ్ళు." ఈసారి దానికి ముందు పెద్ద దగ్గుతెర వచ్చింది. తర్వాత, కార్యక్రమంలో లేని మాట ఒకటి అంది. "వచ్చే ఏడు ఈ పేర్లు వేరే ఎవరన్నా చదువుతారేమో. నాకు ఓపిక లేదు."

పెట్టె ఆపాక పెద్దమ్మ చాలాసేపు లేవలేదు.

"దానికి ఎనభై దగ్గరకొచ్చాయే వకుళా," అంది. "నేను పోయాననుకుంటానే అది పోద్ది. నాకదే బాధ. ఇంకేం లేదు."

ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

2

గాలి మామూలే. చలి ఎక్కువ.

వార్త వినగానే లేచి నిలబడ్డాను. కూర్చోకుండానే ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

భూమి నుంచి రోవర్, అంటే మనుషులు లేకుండా తిరిగే బండి, బయల్దేరింది. ఇప్పటికే సగం దారిలో ఉంది. పాతకాలం నాటి నీళ్ళ జాడలు వెతకడానికి వస్తోందట. అది దిగే చోటు వాళ్ళు ఏదో పేరు పెట్టి చెప్పారు. గుర్తులు చెబుతూ పోతే ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఎండిన పెద్ద చెరువు, అందులోకి వాగు కలిసిన చోట విసనకర్రలా పరుచుకున్న మేట, దానికి ఇవతల ఏనుగు పడుకున్నట్టుండే నల్లరాయి. అది మా ఎండు చెరువే. బండి మీద పూట ప్రయాణం.

దారి కూడా చెప్పారు. ఏనుగురాయికి కొంచెం ఇవతల దిగుతుంది. రాయిని కుడిపక్కన ఉంచి వాగు నోటి దాకా వెళుతుంది. అక్కడి నుంచి మేట అంచు పట్టుకుని పైకి.

అందరికీ చెప్పేసరికి గుట్ట లోపల ఒకటే గోల. పెద్దమ్మ ఒక్క ప్రశ్నే అడిగింది.

"దానికి కళ్ళుంటాయా?"

"ఉంటాయి పెద్దమ్మా. బోలెడు."

"అయితే పోయి దాని ముందర నిలబడదాం. కళ్ళున్నాక కనపడమా?"

ఎంత తేలిక మాట! నేను పుట్టాక భూమి నుంచి ఇక్కడికి ఒక్క మేకు కూడా రాలేదు. నేను తాకిన ప్రతి వస్తువూ నాకంటే పాతది, లేదంటే మా చేతుల్తో చేసుకున్నది. సాయంత్రం పడమట కనిపించే నీలిచుక్కను చూసి అదే భూమి అని చెప్పుకోవడమే తప్ప, అక్కడ నిజంగా మనుషులు తిరుగుతున్నారని నాకు గట్టిగా ఎప్పుడూ అనిపించలేదు. ఇప్పుడు అక్కడ ఎవరో మొన్నటిదాకా గుడ్డతో తుడిచిన వస్తువు మా చెరువులో దిగబోతోంది. భయంతో కూడిన సంతోషం పట్టుకుంది నన్ను.

3

గాలి లేదు. ఆకాశం తేనెరంగు.

ఊరంతా ఎండు చెరువు దగ్గరే. గుడారాలు వేశాం. చిన్న రేడియో పెట్టె కూడా తెచ్చుకున్నాను. అందులో విన్నది, బయట తిరగడానికి మేం పెట్టుకునే అద్దాల టోపీలన్నిటిలోనూ వినిపిస్తుంది.

వచ్చి నిలబడితే చాలని అనుకున్నాం గదా. పెద్దమ్మ చెరువులోకి దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చుట్టూ చూసింది. "ఇదేందిది? చుట్టం వచ్చే దారిట్టా ఉంటే ఎట్టా?" అంది. దాంతో మొదలైంది.

మా వాళ్ళ సంగతి కాస్త చెప్పాలి. అంగారకుడి గుట్టల్లో గదులు తొలవాలన్నప్పుడు, రాయి తెలిసినవాళ్ళు కావాలని మార్కాపురం పలకల గనుల నుంచి మా పెద్దవాళ్ళను తీసుకొచ్చారు. మా ఊరి పేరు కూడా అందుకే పలకపేట. మంచి రాయి కనిపిస్తే మా వాళ్ళ చేతులు ఊరుకోవు.

నెలల తరబడి పనిచేశాం. రోవర్ వచ్చే దారి పొడుగునా రాళ్ళు ఏరేశాం. దుమ్మంతా ఊడ్చేశాం. ఎర్ర దుమ్ము కింద నల్లటి గట్టినేల బయటపడింది. ఎంత చక్కగా ఉందో! ఏరిన రాళ్ళలో నచ్చినవి ఎవరికి వాళ్ళు బండ్లకెక్కించుకున్నారు. మస్తాన్‌బీ పిన్ని ఒక చదును రాయిని ఊరికి పంపి గుమ్మం ముందు మెట్టుగా వేయించుకుంది.

దానియేలు బావ ఏకంగా ఏనుగురాయి మీదే కన్నేశాడు.

"చుట్టం కాలు మోపేది మట్టిలోనా?" అన్నాడు. ఉలి పెట్టి, సమ్మెట వేసి, పొర వెంట పొరగా ఏనుగును పలకలు పలకలుగా చీల్చాడు. ఆ పలకలతో దిగే చోట నున్నటి అరుగు పరిచాడు. పరిచాక దాని మీద నిలబడి, "చూసుకో వకుళా, భూమ్మీదన్నా ఉంటదా ఇట్టాటి అరుగు?" అని మీసం దువ్వబోయాడు. టోపీ అద్దం అడ్డమొచ్చింది.

పెద్దమ్మ తెల్లమన్ను దంచి, ఆ అరుగు నిండా ముగ్గేసింది. ముందు తనే ఊడ్చుకుంది. ఆవిడ ఎడమచేత్తో ఊడుస్తుంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ చీపురు లాక్కుని కుడిచేతిలో పెట్టేదట. హైమవతమ్మయితే ఒకరోజు ఆ ఎడమచెయ్యిని ఓణీకొంగుతో నడుముకు కట్టేసిందట.

"అయినా మారలా," అని నవ్వింది పెద్దమ్మ. "ఇచ్చేది, పుచ్చుకునేది కుడిచేత్తో. ఊడ్చేదంతా ఎడమచేత్తోనే."

గట్టెక్కి చూస్తే ఎర్ర చెరువులో నల్లటి దారి, దాని మొదట్లో తెల్లటి ముగ్గు. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. టోపీలో తుడుచుకోవడానికి లేదు.

4

గాలి సంగతి చూడలేదు.

కొంప మునిగింది.

ఈ ఉదయం భూమి రేడియోలో పిల్లల కార్యక్రమం వచ్చింది. రోవర్ ఎలా దిగుతుందో ఒకావిడ ముద్దుముద్దుగా చెబుతోంది. మామూలుగా ఇలాంటివి సగం చెవితోనే వింటాను.

"మన రోవర్ చాలా తెలివైంది పిల్లలూ," అందావిడ. "దిగేటప్పుడు కిందికి చూస్తుంది. నేల మీది రాళ్ళూ, మచ్చలూ, రంగులూ అన్నీ తన దగ్గరున్న పాత ఫోటోతో పోల్చుకుంటుంది. రెండూ ఒకేలా ఉంటేనే దిగుతుంది!"

"మరి ఒకేలా లేకపోతే?" అన్నాడొక పిల్లాడు.

"అప్పుడు తనెక్కడుందో దానికి తెలియదు కదా నాన్నా. అందుకని పెద్ద కొండకు అవతల, రాళ్ళే లేని మైదానం ఒకటి చూసిపెట్టాం. అటు వెళ్ళిపోతుంది."

పెద్ద కొండకు అవతల. మా బండ్లు అక్కడికి పోలేవు. సగం దారిలోనే గాలీ శక్తీ రెండూ అయిపోతాయి.

ఆ పాత ఫోటో తుఫానుకు ముందుది. అందులో దుమ్ము ఎర్రగా ఉంది, రాళ్ళు ఎక్కడివక్కడ ఉన్నాయి, ఏనుగు పడుకునే ఉంది. మేం ఏనుగును చీల్చాం, దుమ్ము ఊడ్చాం, నల్లదారి తీశాం, నడిమధ్య ముగ్గేశాం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఒక్క రాయి ముట్టుకోకుండా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటే అది నేరుగా మా ముందు దిగేది.

ఇప్పుడు వెళ్ళి వాళ్ళకు చెప్పాలి.

5

చెప్పాను.

ముందు ఎవరూ నమ్మలేదు. దానియేలు బావకు కోపం వచ్చింది.

"దారి ఊడిస్తే తప్పా? అరుగేస్తే తప్పా? ఏం చుట్టమే అది, గుమ్మం ముందర శుభ్రంగా ఉందని తిరిగిపోయే చుట్టం యాడన్నా ఉందా?"

పెద్దమ్మ ఉన్నట్టుండి నవ్వింది. నవ్వు కాదది, ఏడవలేక నవ్వింది.

"గుడ్డాయన ఇంట్లో మంచం జరిపామ్‌రా దానియేలూ," అంది. "పాపం అది తడుముకుంటా వస్తుంటే, దానికి తెలిసిన వస్తువులన్నీ మనం ఎత్తి పక్కనబెట్టాం. దానిదేం తప్పు?"

"ఇప్పుడేం జేద్దాం?"

"ఏముంది? మంచం మళ్ళీ అక్కడే వేద్దాం."

రోజులు ఎక్కువ లేవు. ఊడ్చిన దుమ్మంతా తిరిగి తెచ్చి చల్లాలి. రాళ్ళన్నీ వాటి గుంటల్లో పెట్టాలి. ఏనుగును మళ్ళీ ఏనుగును చెయ్యాలి. అన్నిటికంటే ముందు ముగ్గు చెరపాలి. పైనుంచి చూస్తే కొట్టొచ్చినట్టు కనపడేది అదే.

చుట్టం రాకముందే ముగ్గు చెరపడానికి ఎవరికీ చేతులు రాలేదు. మస్తాన్‌బీ పిన్ని మొహం తిప్పుకుంది. నేను చీపురు పట్టుకుని అరుగు దాకా వెళ్ళి ఆగిపోయాను. పెద్దమ్మ వచ్చి నా చేతిలోంచి చీపురు తీసుకుంది.

"వేసినదాన్ని నేనే, తియ్యాల్సిందీ నేనే," అంది. ఎడమచేత్తో, వేసిన వరుసలోనే ఒక్కో గీతా తుడిచేసింది. మధ్యలో ఒకచోట ఆగి, "హైమక్కా, నువ్వన్నా చూస్తావనుకున్నానే," అంది. తనలో తను అనుకున్నాననుకుంది. టోపీల్లో అందరికీ వినపడింది.

6

గాలి కొంచెం లేచింది. చల్లిన దుమ్మును సర్దింది. మంచిదే.

నడుములు పడిపోయాయి. ఊడ్చేటప్పుడు లేని నొప్పి తిరిగి పోసేటప్పుడు ఎందుకొచ్చిందో.

దుమ్ము చల్లడం మాటలు కాదు. కుప్పగా పడితే మచ్చ కనిపిస్తుంది. విత్తనాలు వెదజల్లినట్టు చల్లాలి. ఊరంతా బారులు తీరి, ఒళ్ళో దుమ్ము పోసుకుని, ఒకే ఊపులో చల్లుకుంటూ వెనక్కి నడిచాం. ముందుకు నడిస్తే అడుగులు పడతాయి మరి.

రాళ్ళకు వాటి గుంటలున్నాయి. ఎండ తగిలే వైపు ఒక రంగు, నేలలో కూరుకున్న కడుపు ఒక రంగు. మా వాళ్ళు చూడగానే ఏ రాయి ఎటు తిరిగి పడుకుందో చెప్పేస్తారు. గొడవల్లా ఇళ్ళకు చేరిన రాళ్ళతోనే వచ్చింది.

"నా మెట్టు నేనియ్యను," అంది మస్తాన్‌బీ పిన్ని. "అంత చిన్న రాయి ఆకాశంలోంచి దానికి యాడ కనపడుద్ది?"

"పిన్నీ, ఆ మెట్టు మీద నువ్వు కాళ్ళు చాపుకుని కూర్చున్నా ఇంకా చోటు మిగులుద్ది గదా," అన్నాను. "మరి అంత రాయి చిన్నదెట్టయింది?"

నన్ను నాలుగు తిట్టింది. కానీ మెట్టు తనే బండి మీద పెట్టుకుని తెచ్చి, తనే గుంటలో దించి, దాని మీద దుమ్ము తట్టింది.

ఏనుగురాయి దగ్గర దానియేలు బావ రేయింబవళ్ళు ఉన్నాడు. పలకలన్నీ అరుగులోంచి పెకలించి ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఏ పొర మీద ఏది ఉండేదో ఆయన వేళ్ళకు గుర్తుంది. పేర్చి, సందుల్లో దుమ్ము కూరి, దూరం పోయి చూసి, మళ్ళీ విప్పుతాడు. ఆయన ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. అందుకని నేనే వెళ్ళాను.

"బావా, ఏనుగుకు తొండం కాస్త పొట్టయింది," అన్నాను.

నవ్వలేదు. "ఒక పలక విరిగిపోయింది వకుళా. నీడ పొట్టిగా పడుద్ది. దానికి తేడా తెలుస్తదా?"

"తెలీదు బావా."

"నా వల్లే పోద్ది ఇదంతా. పెద్దమ్మ మొహం ఎట్టా చూసేది?" అని కూలబడ్డాడు. ఆయన పక్కనే కూర్చుని విరిగిన ముక్కలు ఏరి అందించాను. ఒక్కొక్కటే తొండం చివర పేర్చాడు. అలా నీడ మెల్లగా సాగింది.

వాగు నోటి దగ్గర కొంత మేర దుమ్ము చాలలేదు. నల్లటి మచ్చ అలాగే ఉండిపోయింది. ఇక వేళ లేదు.

7

గాలి లేదు. ఆకాశం కడిగినట్టుంది.

ఈ పూట రాస్తున్నదంతా జరిగిన వెంటనే రాస్తున్నాను. మరిచిపోతానని కాదు. ఎక్కడో ఒకచోట పెట్టకపోతే గుండెలో పట్టేలా లేదు.

మధ్యాహ్నానికల్లా గుడారాలు విప్పేసి, బండ్లన్నీ గట్టు నీడలోకి తోసి, అందరం రాతిచూరు కింద దాక్కున్నాం. అది కిందికి చూసేటప్పుడు ఫోటోలో లేనిదేదీ కనపడకూడదు. మాతో సహా. చివరగా వచ్చింది పెద్దమ్మ. మా అడుగులన్నీ ఊడ్చుకుంటూ వెనక్కి నడుస్తూ వచ్చింది. చంకలో, గుడ్డ చుట్టి మూత బిగించిన చెంబు ఒకటి ఉంది.

"అదెందుకు పెద్దమ్మా?"

"వచ్చినోళ్ళకు కాళ్ళకు నీళ్ళియ్యొద్దూ?"

రేడియోలో భూమి గొంతులు అంకెలు చదువుతున్నాయి. అవి ఇక్కడికి చేరేసరికి పాతబడి ఉంటాయి. వాటిని నమ్మి లాభం లేదు. ఆకాశం వైపే చూశాం.

ముందు ఒక చుక్క. పట్టపగలు చుక్క. తర్వాత చుక్క వెనక సన్నటి గీత. చప్పుడు లేదు. గీత ఆగిపోయింది. ఆగినచోట తెల్లగా ఏదో విచ్చుకుంది. గొడుగు! మనిషి చేత్తో కుట్టిన గొడుగు నా ఆకాశంలో తెరుచుకుంది. దాని కింద ఊగుతూ అది. అప్పుడు వచ్చింది చప్పుడు, దూరంగా ఎవరో చాప దులిపినట్టు.

ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. ఎవరో చూడలేదు.

గొడుగు వదిలేసి అది మంటల మీద నిలబడింది. నిలబడి చూస్తోంది. ఆ సంగతి నాకు స్పష్టంగా తెలిసింది. అది మా చెరువును చూస్తోంది. మేం చల్లిన దుమ్మును, పేర్చిన ఏనుగును, పిన్ని మెట్టును, మిగిలిపోయిన నల్లమచ్చను.

పక్కకు కదిలింది. పెద్ద కొండ వైపు.

ఇంకొంచెం కదిలింది. దానియేలు బావ, "ప్రభువా, ఏనుగును చూడమను, ఏనుగును చూడమను," అని గొణుగుతున్నాడు. నేను కళ్ళు మూసుకోబోయాను. మూసుకోలేకపోయాను.

ఆగింది. గాల్లో అలాగే ఒక్క క్షణం ఊగింది. మెల్లగా వెనక్కి వచ్చి ఏనుగురాయి పైన నిలిచింది. అక్కడి నుంచి కిందికి తాళ్ళు దిగాయి. తాళ్ళ చివర ఆరు చక్రాల బండి.

"బావిలోకి చేద దించినట్టు దించుతున్నారే," అంది పెద్దమ్మ. నేను బావిని ఎప్పుడూ చూడలేదు. ఇకముందు ఎవరైనా బావి అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

మంటల గాలికి మేం చల్లిన దుమ్మంతా లేచిపోయింది. తెర తగ్గాక చూస్తే, దిగినచోట నేల మళ్ళీ నల్లగా, నున్నగా ఉంది. తన చోటు తనే ఊడ్చుకుంది. తాళ్ళు తెగాయి. మంటల యంత్రం ఎగిరిపోయి ఎక్కడో దూరంగా పడింది.

ఏనుగురాయికి కొంచెం ఇవతల, వాళ్ళు చెప్పిన చోటే, చుట్టం బండి నిలబడి ఉంది.

దానియేలు బావ వెక్కి వెక్కి ఏడ్చాడు.

8

చీకటి పడడానికి ఇంకా వేళుంది. చిన్న పెట్టె ఖంగుమంటోంది.

మిగతాది కూడా రాసేస్తాను.

పరిగెత్తబోయిన వాళ్ళందరినీ పెద్దమ్మ ఆపింది. "రాంగానే మీద పడొద్దు. పక్కన నిలబడండి," అని తనే ముందు నడిచింది. బండి ముందర కళ్ళ మూతలు టక్కున తెరుచుకున్నాయి. పెద్దమ్మ వాటి ఎదుట ఆగి, ముందు చక్రం దగ్గర మూత తీసి, కుడిచేత్తో చెంబు వంచింది. మా గాలిలో నీళ్ళు నిలవవు. పడుతూనే ఆవిరి లేచింది, మిగిలింది తెల్లటి పొరగా గడ్డకట్టింది. పాతకాలపు నీళ్ళ జాడ కోసం అంతదూరం నుంచి వచ్చిన బండి మొదట చూసింది ఆ చెంబెడు నీళ్ళనే.

నేను వంగి చక్రాన్ని తాకాను. ఇంకా వెచ్చగా ఉందేమో అనుకున్నాను. చేతికి తొడుగుంది, ఏం తెలుస్తుంది? అయినా తాకాను. భూమి మీద ఎవరో చివరిసారి తుడిచినచోట నా చెయ్యి పడి ఉంటుంది.

తర్వాత అందరం బండి ముందు నిలబడి వినడం మొదలుపెట్టాం. అక్కడికి బొమ్మ వెళ్ళాలి, అక్కడి నుంచి మాట రావాలి. చాలాసేపు పట్టింది. ముందు చప్పట్లు వినపడ్డాయి. దిగిందన్న సంబరం. ఒకాయన ఉత్సాహంగా చెబుతున్నాడు.

"మొదటి ఫోటో వస్తోంది. ఎడారి, రాళ్ళు... ఒక్క నిమిషం. ఈ ఫోటోలో..."

ఆగిపోయాడు. చప్పట్లూ ఆగిపోయాయి. పెట్టె చెడిపోయిందేమోనని తట్టి చూశాను. చెడిపోలేదు. భూమే నోరు మూసుకుంది. ఇన్నేళ్ళుగా మేం ఉన్నట్టు.

చివరికి ఆయనే, చిన్నపిల్లాడి గొంతుతో అన్నాడు. "చెంబు... ఆవిడ చేతిలో చెంబు ఉందండీ."

ఆ తర్వాత ఏం మాట్లాడారో అర్థం కాలేదు. అందరూ ఒకేసారి మాట్లాడారు, ఏడ్చారు. మేమూ అంతే. మస్తాన్‌బీ పిన్ని చక్రం పక్కనే కూలబడి నవ్వుతూనే ఉంది. చాలాసేపటికి ఆ గోల సద్దుమణిగి, ఒక దగ్గు వినపడింది. ఆ దగ్గు ఎవరిదో మాకు తెలుసు.

"నాకు బొమ్మ చూపించారు," అంది హైమవతమ్మ. "అద్దాల టోపీలంట, మొహాలు కనపడవంట, ఎవరో ఏందో తెలీదంట. నాకు తెలుసు. ఎడమచేత్తో చీపురు పట్టుకున్నదెవరో నాకు తెలుసు. దాని పేరు ఆఖర్న చదువుతా. అప్పటిదాకా గమ్మున నిలబడమనండి దాన్ని. ఇన్నేళ్ళు ఏడిపించింది."

పెద్దమ్మ భుజాలు కదిలాయి. చీపురు ఇంకా ఎడమచేతిలోనే ఉందని అప్పుడు చూసుకుంది.

"కాగితం తెచ్చుకున్నా," అంది హైమవతమ్మ. "పేర్లు చదువుతా. ఉన్నోళ్ళు ఆ బండి ముందర చెయ్యెత్తండి. మీరెత్తింది నాకు కనపడేసరికి ఆలస్యమవుద్దంట. చేతులు దించబాకండి."

చదవడం మొదలుపెట్టింది. అదే వరుస, అదే గొంతు. ఏటా మమ్మల్ని చంపిన గొంతు. ఒక్కో పేరుకు ఒక్కో చెయ్యి లేచింది. కొన్ని పేర్లకు లేవలేదు. అప్పుడు ఆవిడే కాసేపు ఆగి, తర్వాతి పేరుకు వెళ్ళింది. మా అమ్మ పేరు వచ్చింది. మా నాన్న పేరు వచ్చింది. ఎత్తడానికి చేతులు లేవు. ఆ రెండు పేర్లకూ నేను తల వంచాను.

"వకుళ, మూడు నెలలు."

చెయ్యెత్తాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. దానియేలు బావ నా తల మీద, అంటే టోపీ మీద, చెయ్యి పెట్టాడు.

"ఆ తర్వాత పుట్టినోళ్ళుంటే," అంది హైమవతమ్మ, "మీ పేర్లు నాకు తెలీవు నాయనా. మీరూ ఎత్తండి." మా వెనకాల చేతులు లేచాయి. తిరిగి చూశాను. చెరువులో ఎన్ని చేతులో.

కాగితం మడుస్తున్న చప్పుడు వినపడింది.

"నా చెల్లెలు భ్రమరాంబ."

వయసు చెప్పలేదు.

పెద్దమ్మ చెయ్యెత్తింది. ఎడమచెయ్యే, చీపురుతో సహా. భుజంనొప్పి మనిషి, అంతలోనే చెయ్యి వణకడం మొదలుపెట్టింది. నా రెండో చెయ్యి ఆవిడ మోచేతి కింద పెట్టి పట్టుకున్నాను. భూమికి కనపడేదాకా దించలేదు.